ఎర్తింగ్‌కు నీళ్ళు పోస్తే లేచిన కంప్యూటర్

కంప్యూటర్ అనే మాట చెవిన పడితే చాలు, మనిషి తనకు తెలియకుండానే చెప్పులు విడిచేసే కాలం ఒకటుండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, రెండు వేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో మా బాన్సువాడలో కంప్యూటర్ గదిలోకి కాళ్ళు కడుక్కుని వెళ్ళినవాళ్ళను నా కళ్ళతో చూశాను. చూడడమేమిటి, కడుక్కోమని చెప్పిన మహానుభావుణ్ణి నేనే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయింది. నిజామాబాదులో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, దాని సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుని మరీ ఊరికి తిరిగి వచ్చాను. (ఆ మూడు నెలల్లో నేను కంప్యూటర్‌ను ముట్టుకున్న సమయమంతా కలిపితే ఒక పెళ్ళి భోజనానికి పట్టినంత కూడా ఉండదు. ఒక్కో మిషనుకు ఎనిమిది మందిమి. నేను పొడుగు కాబట్టి వెనక నిలబెట్టేవాళ్ళు. వెనక నిలబడి రాసుకున్న నోట్సు మాత్రం రెండు వందల పేజీలు వచ్చింది.)

నస్రుల్లాబాద్ దగ్గర మాకు కొద్దిగా వరి పొలముంది. నాట్ల రోజుల్లో నేను పొలం గట్టు మీద నిలబడి, "కీబోర్డు మీద ఆడాల్సిన వేళ్ళు నాయినా, బురదల పెడితే పాడైతయి" అని మా నాయినతో అన్నాను. ఆయన నా వేళ్ళ వంక, నా ముఖం వంక చూసి, మళ్ళీ వంగి నాటు వేసుకున్నాడు. ఆయన అనాల్సిందంతా మా మామ అన్నాడు. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. "వాని కంప్యూటర్ ముచ్చట రెండు నెలలు చూద్దాం బావా, నడువకపోతే నా దుకాణంల కూసుంటడు" అన్నాడు. ఆ దుకాణంలో పురుగుమందుల వాసనకు నాకు తలనొప్పి వస్తుంది. అంతకంటే పెద్ద బాధ, అక్కడ నన్ను ఎవరూ సార్ అని పిలవరు.

సార్ అని పిలిపించుకునే భాగ్యం నాకు వైండింగన్న వల్ల కలిగింది. ఆయన కాలిపోయిన వ్యవసాయ మోటార్లకు తీగ చుట్టి బాగుచేసే మనిషి. బాన్సువాడ చుట్టుపక్కల ఆయన చేయి పడని బోరు మోటారు లేదు. "మోటర్లు ఎన్నేండ్లు చుడతం సార్, ఇగ ముందున్నదంతా గిదే" అంటూ తన షాపు పైన ఉన్న గదిలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, నన్ను మాస్టారుగా కుదుర్చుకున్నాడు. వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. అయినా నన్ను సార్ అనే పిలిచేవాడు. అలా వద్దన్నా అంటే, "నేనే సార్ అనకపోతే పోరగాండ్లు అంటరా?" అనేవాడు. బోర్డు మీద నాలుగు కంప్యూటర్ల బొమ్మలు వేయించాడు గానీ లోపల ఉన్నది ఒక్కటే. పక్క గదిలో ఒక అక్క నాలుగు కుట్టుమిషన్లు పెట్టుకుని ఆడపిల్లలకు టైలరింగ్ నేర్పేది. అందరూ ఆమెను మిషనక్క అనేవాళ్ళు. మాకు చేరిన మొదటి బ్యాచి ఆరుగురిలో ఆమె కూడా ఒకతె. నన్ను తమ్మీ అని పిలిచే ఏకైక విద్యార్థిని కూడా ఆమే. నాకది కొంచెం కష్టంగానే ఉండేది.

నా క్లాసులో నియమాలు గట్టివి. మొదటి పదిహేను రోజులూ థియరీ. ఎవరూ కంప్యూటర్‌ను ముట్టుకోకూడదు. పొద్దున పది గంటలకు మిషను ఆన్ చేసి, తెర మీద నీలం రంగు రాగానే చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టేవాణ్ణి. "కంప్యూటర్ అనగా ఒక ఎలక్ట్రానిక్ యంత్రము..." అక్కడి నుంచి కంప్యూటర్ల తరాలు చెప్పుకుంటూ వచ్చేవాణ్ణి. మొదటి తరం, రెండో తరం, మూడో తరం. సరిగ్గా మూడో తరం మధ్యలో తెర టప్‌మని నల్లబడేది. కింద ఉన్న చిన్న పచ్చ లైటు నారింజ రంగులోకి మారేది. మొదటి రోజు నా గుండె ఆగినంత పనైంది. ఆరుగురూ నన్నే చూస్తున్నారు. కాలువ కింద భూములు కొని వచ్చిన కోస్తా వాళ్ళ అబ్బాయి ఒకడు, "పడుకుందేమోనండీ, మాకూ నిద్రొస్తోందండీ" అని అన్నాడు. వాణ్ణి బయట నిలబెట్టాను. (ఇప్పుడు తలుచుకుంటే, ఆ గదిలో అసలు సంగతి అందరికంటే ముందు చెప్పినవాడు వాడే. పాపం, వాడు చెప్పింది అక్షరాలా నిజం.)

వైండింగన్న పైకి వచ్చి, ఆ నారింజ లైటును చూడగానే తల పంకించాడు. "లో వోల్టేజి సార్. పది గంటలకు త్రీఫేసు వస్తది, మోటర్లన్నీ ఒక్కపారే షురూ అయితయి. గా లైటు రంగు చూడుండ్రి, నా స్టెబిలైజర్‌కు గూడ గట్లనే వస్తది." నాకూ సబబుగానే తోచింది. సాయంత్రం నేనొక్కణ్ణే కూర్చుని టైపింగ్ ప్రాక్టీసు చేసుకున్నప్పుడు తెర ఒక్కసారి కూడా ఆరలేదు. ఆ మాటే చెబితే, "సాయంత్రం మోటర్లు బంద్ అయితయి గద సార్" అని ఇంకా గట్టిగా నిర్ధారించాడు. స్వయంగా తీగ చుట్టి ఒక స్టెబిలైజర్ తయారుచేసి పెట్టాడు. అది మేకపిల్లంత ఉండేది, టిక్కుటిక్కుమంటూ ఉండేది. అయినా మూడో తరం దగ్గర తెర ఆరిపోయింది. అప్పుడాయన తన చివరి అస్త్రం తీశాడు. షాపు వెనక నడుములోతు గుంత తీయించి, ఉప్పు, బొగ్గులు పొరలు పొరలుగా వేసి, రాగి తీగ పాతి, ఎర్తింగ్ చేశాడు. బోరు మోటారు మొండికేస్తే మా దగ్గర ఏ రైతైనా మొదట చేసే పని ఎర్తింగ్ దగ్గర నీళ్ళు పోయడం. నేల తడిస్తే మోటారు మాట వింటుంది. మోటారే వింటే కంప్యూటర్ ఎందుకు వినదు?

వింది! అదే నా కొంప ముంచింది. మర్నాడు తెర నల్లబడగానే ఆయన కిందికి పరిగెత్తి ఒక బకెట్ నీళ్ళు గుంతలో కుమ్మరించి, "పోసిన సార్!" అని అరిచాడు. నేను వచ్చిందో లేదో చూద్దామని మౌసును ఇటూ అటూ కదిపాను. నీలం తెర నిగనిగలాడుతూ వచ్చేసింది. పైన మేము చప్పట్లు కొట్టాం, కింద ఆయన తొడ కొట్టాడు. ఆ రోజు నుంచి అదొక పద్ధతి అయిపోయింది. మూడో తరం రాగానే తెర ఆరడం, వరుస ప్రకారం ఒక విద్యార్థి కిందికి వెళ్ళి బకెట్ నీళ్ళు పోసి కేక వేయడం, నేను మౌసు కదిపి చూడడం, తెర రావడం. నేను నా నోట్సులో కూడా రాసుకున్నాను: "ఎర్తింగ్ తడి ఆరిన యెడల తెర ఆరును." కింద గీత కూడా గీశాను. ఏ పుస్తకంలోనూ లేని విషయం నేనే కనిపెట్టానన్న గర్వం లోలోపల ఉండేది.

ఆ గర్వం మీద మొదటి దెబ్బ మిషనక్క వేసింది. ఒకరోజు క్లాసు అయ్యాక నిలబడి, "తమ్మీ, నీళ్ళు పోసినందుకు వస్తలేదది. నువ్వు గా మౌసును కదిలిస్తే వస్తది" అంది. నేను చిరునవ్వు నవ్వాను. చదువుకున్నవాళ్ళు నవ్వే నవ్వు అది. "అక్కా, మౌసు పాఠం పన్నెండో రోజు. అప్పుడు అడుగు" అన్నాను. ఆమె మెడలో టేపు సర్దుకుని, "సరే తియ్యి" అని వెళ్ళిపోయింది. అప్పుడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నీళ్ళు పోయకుండా మౌసు కదిపి చూసి ఉంటే సరిపోయేది. నాకు ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ ఆమె చెప్పింది నిజమైతే ఎట్లా అన్న భయం కూడా వెంటనే వచ్చింది.

ఇంతలో రెండు నెలలు దగ్గరపడ్డాయి. రెండో బ్యాచికి ఎవరూ చేరలేదు. మామ రోజూ సైకిల్ మీద మా వీధిలోంచి పోతూ నా వంక ఆప్యాయంగా చూస్తున్నాడు. వైండింగన్న కూడా, "ఇగ గీ నెల చూసి గదిని కిరాయికి ఇచ్చుడే సార్" అని దిగులుగా అన్నాడు. అప్పుడు ఒక ఆశ కనిపించింది. ఊళ్ళో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ తన విద్యార్థులకు కంప్యూటర్ నేర్పించాలనుకుంటున్నాడట. ఆయన స్వయంగా వచ్చి ఒక క్లాసు చూస్తాడట, నచ్చితే పిల్లలను మాకే పంపిస్తాడట. ఆ ఒక్క క్లాసు మీద నా ఉద్యోగం, నా సార్‌తనం, వైండింగన్న నాలుగు బొమ్మల బోర్డు, అన్నీ వేలాడుతున్నాయి. ఆ వారం నేను సరిగ్గా అన్నం తినలేదు.

ఆ రోజు రానే వచ్చింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో పేము బెత్తం. తెర మీద ఏదైనా చూపించడానికి అది బాగుంటుందని నేనే తెప్పించాను. వైండింగన్న మానిటర్‌కు బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించి, గడప దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. వచ్చినవాళ్ళు ఎవరైనా పొరపాటున చెయ్యి వేస్తారేమోనని కీబోర్డు, మౌసు ఉండే పలకను టేబుల్ కిందికి పూర్తిగా తోసేసి, దాని ముందు పూలపళ్ళెం పెట్టిన స్టూలు అడ్డంగా పెట్టాడు. ప్రిన్సిపాల్ సారు ఇద్దరు లెక్చరర్లతో వచ్చి, గుమ్మం బయటే చెప్పులు విడిచి (కాళ్ళు కడుక్కోమని ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది) ముందు కుర్చీలో కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, "కంప్యూటర్ అనగా..." అని ఎత్తుకున్నాను. బ్రహ్మాండంగా సాగింది. మొదటి తరం గడిచింది. రెండో తరం గడిచింది. మూడో తరంలోకి అడుగుపెట్టగానే బంతిపూల మధ్యన తెర నల్లబడింది.

నేను కంగారుపడలేదు. మందు మా దగ్గర ఉంది కదా. వైండింగన్న ధీమాగా లేచి, "ఫికర్ జెయ్యకుండ్రి సార్, ఒక్క బకెట్ అంతే" అని ప్రిన్సిపాల్ సారుకు చెప్పి కిందికి దిగాడు. ఆయన బిత్తరపోయి, "బకెట్ ఎందుకు?" అని నన్ను అడిగాడు. నేను ఎర్తింగ్ సిద్ధాంతం మొత్తం వివరించాను. నా నోట్సులో గీత గీసిన వాక్యం కూడా అప్పజెప్పాను. ఆయన నొసలు ముడివేసి, "నేను ఫిజిక్స్ చెప్పినోణ్ణి బాబూ. తడికీ తెరకూ లంకె ఏంది?" అన్నాడు. అంతలో కింది నుంచి "పోసిన సార్!" అని కేక వినిపించింది. మామూలుగా అయితే ఆ కేక వినగానే నా చెయ్యి మౌసు మీదికి వెళ్ళేది. ఇప్పుడు మౌసు ఉన్న పలక టేబుల్ కింద ఉంది, దాని ముందు స్టూలుంది, నా చేతిలో బెత్తముంది. నేను హుందాగా నిలబడి తెర వంక చూశాను. తెర నా వంక చూసింది.

"వస్తలేదన్నా!" అని కిటికీలోంచి అరిచాను. రెండో బకెట్ పడింది. మూడో బకెట్ పడింది. నాలుగు, ఐదు. ఒక లెక్చరర్ కిటికీలోంచి తొంగిచూసి, కింద ఏం జరుగుతోందో రెండో ఆయనకు చెప్పడం మొదలుపెట్టాడు. "ఏడైనయ్ సార్! ఇగ భూమి తాగుతలేదు!" అని వైండింగన్న గొంతు వినిపించింది. గుంత నిండి నీళ్ళు షాపులోకి పోతున్నాయట, రైతుల మోటార్లు తడుస్తున్నాయట. నా ఇస్త్రీ చొక్కా కూడా తడిసిపోయింది, అది మాత్రం చెమటతో. కళ్ళ ముందు యూరియా బస్తాలు కనబడ్డాయి.

ఈ అరుపులు విని మిషనక్క పక్క గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఇంకా ఎవరిదో సగం కుట్టిన జాకెట్ ఉంది. నన్ను చూసింది. బహుశా నా ముఖం అంత దీనంగా ఉండి ఉంటుంది. లోపలికి వచ్చి, పూలపళ్ళెం పక్కకు పెట్టి, స్టూలు జరిపి, పలకను బయటికి లాగి, మౌసు మీద చెయ్యి వేసింది. తెర వచ్చేసింది. కింది నుంచి "వచ్చిందా సార్?" అని కేక. ఒక లెక్చరర్ "వచ్చింది!" అని జవాబిచ్చాడు. వైండింగన్న మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుతో మెట్లెక్కి వచ్చి, విజయగర్వంతో, "చూసిండ్రా? తొమ్మిదో బకెట్‌కు వచ్చింది!" అన్నాడు.

ప్రిన్సిపాల్ సారు ఆయన వంక చూడలేదు. నా వంక చూసి, "నువ్వు చెప్పు. ఎందుకు పోయింది, ఎట్ల వచ్చింది?" అని అడిగాడు. తొమ్మిది బకెట్లని చెప్పే అవకాశం ఇంకా ఉంది. వైండింగన్న ఆశగా తలూపుతున్నాడు కూడా. నేను రెండు వందల పేజీల నోట్సులో ఏదైనా మాట దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. ఏదీ దొరకలేదు. "నాకు తెల్వదు సార్" అన్నాను. "గీ అక్కకు తెలుసు. నాకు ముందే చెప్పింది. నేనే ఇనలేదు."

అది నేను ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పిన మొదటి నిజమైన పాఠమేమో. అప్పుడు నాకు అట్లా అనిపించలేదు. అప్పుడైతే అంతా అయిపోయిందనే అనిపించింది. మిషనక్క మాత్రం, "నాకు గూడ పూరా తెల్వదు సార్. కుట్టుమిషను మీద కాలు తీస్తే సూది ఆగుతది గద, గట్లనే ఎవ్వరం ముట్టకపోతే ఇది ఆగుతదనుకున్న. కావాలంటే మళ్ళ చూద్దాం. జరసేపు ఎవ్వరం ముట్టొద్దు" అంది. ప్రిన్సిపాల్ సారు ముఖం వెలిగిపోయింది. చేతి గడియారం విప్పి టేబుల్ మీద పెట్టి, "కూసోండి, చూద్దాం" అన్నాడు. అందరం కూర్చున్నాం. ఛాయ్ వచ్చింది. తాగాం. పక్క గదిలోని టైలరింగ్ పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అంతమందిమి ఒక ఖాళీ నీలం తెర వంక నోరెత్తకుండా చూస్తూ కూర్చోవడం అదే మొదలు, అదే ఆఖరు. తెర నల్లబడింది. వైండింగన్న అలవాటు కొద్దీ లేచి మెట్ల వైపు పరిగెత్తబోయాడు. "ఆగవయ్యా!" అని ప్రిన్సిపాల్ సారు గట్టిగా అనేసరికి ఒక కాలు గాల్లోనే ఆగిపోయింది. తరవాత ప్రిన్సిపాల్ సారే వంగి, ఒక్క వేలితో మౌసును కదిపాడు. తెర రాగానే చిన్నపిల్లాడిలా నవ్వాడు. గడియారం చూసి, "ఇరవై నిమిషాలు" అన్నాడు.

ఇక మమ్మల్ని తిట్టి వెళ్ళిపోతాడని నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆయన చెప్పులు వేసుకుంటూ, "సోమవారం నుంచి మా ఆడపిల్లల బ్యాచిని పంపిస్త. ఒక్కటే షరతు. మొదటిరోజే అందరి చేతులు దాని మీద పడాలె" అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగి, "తెల్వదని చెప్పే మాస్టర్లు నాకు తక్కువ దొరుకుతరు బాబూ. తెలుసుకుని చెప్పు" అని మెట్లు దిగాడు. మెట్ల చివర నీళ్ళలో కాలు పెట్టి జారబోయాడు గానీ వైండింగన్న పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నేను, మిషనక్క కలిసి కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఆమె కుర్చీలో, నేను పక్కన నిలబడి. కంట్రోల్ ప్యానెల్‌లో ఒక్కో బొమ్మా తెరిచి చూస్తూ పోతే, ప్లగ్గు బొమ్మ ఉన్న ఒకచోట దొరికింది. ఎవరూ ముట్టకపోతే ఇరవై నిమిషాలకు తెర ఆర్పాలని అక్కడ రాసి ఉంది. "ఎవరు పెట్టిండ్రు తమ్మీ గిది?" అని అడిగింది. "చేసినోళ్ళే ముందుగాల పెట్టి పంపుతరు అనుకుంట అక్కా, కరెంటు ఆదా కోసం" అన్నాను. "మరి మనం మార్చొచ్చా?" నేను తెలుసన్నట్టు తలూపబోయి, ఆగి, "ఏమో, నొక్కి చూడు" అన్నాను. ఆమె నొక్కింది. వరుసగా నిమిషాలు, గంటలు, అన్నిటికన్నా చివర 'ఎప్పుడూ వద్దు' అన్నది కనబడింది. ఆమె దాన్ని ఎంచుకోలేదు. "పాపం, దానికి గూడ విశ్రాంతి ఉండాలె" అని గంటకు పెట్టింది. (వైండింగన్న మాత్రం చాలా రోజుల దాకా నమ్మలేదు. ఎందుకైనా మంచిదని పొద్దున్నే ఒక బకెట్ పోసి వస్తుండేవాడు.)

సోమవారం ఆడపిల్లలు గలగలమంటూ మెట్లెక్కి వచ్చారు. తలుపు దగ్గర ఆగి, లోపలికి రావడానికి జంకుతున్నారు. ఏం చెప్పాలో తోచక, "రాండ్రి, ముట్టుకోండ్రి, ఏం కాదు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళకంటే నాకే ఎక్కువ భయం వేసింది. ఒకమ్మాయి కూర్చుని, తన పేరు టైపు చేసుకుని, అది తెర మీద కనబడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసిన రోజు నుంచీ నేను ఈ పని మానలేదు. ఇప్పుడు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతున్నాను. వాళ్ళు అడిగేవాటిలో సగం నాకు నిజంగానే తెలియవు. ఆ మాటే చెప్పి, వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అప్పుడప్పుడు ఆ బెత్తం పట్టుకున్న కుర్రాడు గుర్తుకొస్తాడు. వాడి గొప్పలకు ఇప్పటికీ నాకు చెవులు ఎర్రబడతాయి. కానీ తొమ్మిది బకెట్ల నీళ్ళ తరవాతైనా, ఉద్యోగం పోతుందని తెలిసీ, వాడు ఆ ఒక్క మాట నిజం చెప్పాడు. అందుకని వాణ్ణి ఎప్పుడో క్షమించేశాను. నవ్వుకోవడం మాత్రం మానలేదు.